సరుగుడు కాయను వివృతబీజం కింద పెట్టొచ్చా? మన జిల్లాలో ఏ మొక్క ఏ విభాగానిది?

కావలి అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాప ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ. శైవలం (పాచి లాంటివి), బ్రయోఫైట్ (మాస్ లాంటివి), టెరిడోఫైట్ (ఫెర్న్ లాంటివి), వివృతబీజం (విత్తనం బయటికే ఉండేవి), ఆవృతబీజం (విత్తనం లోపల మూసి ఉండే పూలమొక్కలు), ఇన్నిట్లోనూ మన చుట్టుపక్కల దొరికే నమూనా ఒక్కొక్కటి తెచ్చి కాలేజీలో పెట్టాలంట. సముద్రం వైపు తోపులోకి పోయి సరుగుడు కాయలు ఏరుకొచ్చింది, వివృతబీజం ఇదేనని. ఫొటోల్లో పైన్ కాయ ఎట్టా ఉంటదో ఇదీ అట్టానే ఉంది, ఆకులు కూడా సూదుల్లా ఉన్నాయి. వాళ్ళ నాన్న మాత్రం సరుగుడుకు పూత వస్తది, అది పూలమొక్కే అంటారు. పేరు ఒక్కటి చెప్పి వదిలేయకుండా, ఎందుకు అవునో ఎందుకు కాదో చెప్పండి. మిగతా నమూనాలు యాడ దొరుకుతాయో కూడా చెబితే మేలు.

తోపు రైతు, కొత్తపట్నం:
అమ్మా, మీ ఆయన చెప్పిందే కరెక్టు. మేం తరతరాలుగా ఇసక నేలల్లో ఈ చెట్టే వేస్తున్నాం. కొమ్మల చివర గోధుమరంగు కంకుల్లా వొచ్చేది మగపూత, గాలికి దాని పుప్పొడి పొగలాగా లేస్తది. ఆడపూత వేరే కొమ్మల మీద, ఎర్రటి చిన్న కుచ్చు. దగ్గరికి పోయి చూస్తే గానీ కనపడదు. ఆ కుచ్చే తర్వాత ముళ్ళకాయ అవుతది. నారుకు విత్తనం కావాలంటే కాయ నోరు తెరవక ముందే కోసి పట్ట మీద ఎండేస్తాం. ఎండకు ఒక్కో అర విచ్చుకుని పల్చటి రెక్కున్న గింజ రాలతది. మాకు తెలిసింది ఇంత వరకే. పైన్‌కు దీనికి శాస్త్రంలో తేడా ఏందో మాస్టారు చెప్పాలి.

వృక్షశాస్త్రం మాస్టారు, నెల్లూరు:
రైతుగారు చెప్పిన ఆ రెక్క గింజ దగ్గరే అసలు విషయం ఉంది. కావలి అమ్మగారూ, పాపను ఒక బ్లేడు, ఒక భూతద్దం తీసుకోమనండి.

పైన్ కాయలో ఒక్కో పొలుసు మీద విత్తనం ఆరుబయట కూర్చుని ఉంటుంది. దాని చుట్టూ అండాశయం అనే గది లేదు. అందుకే వివృతబీజం అన్నాం. సరుగుడు కాయలో అర తెరిచినప్పుడు రాలే రెక్క గింజ విత్తనం మాత్రమే కాదు, అది మొత్తం ఒక ఫలం. ఆ రెక్క అండాశయం గోడ నుంచి వచ్చింది, విత్తనం దాని లోపల మూసి ఉంది. మనకు కాయలా కనిపించే ముళ్ళ ముద్ద, అలాంటి చాలా ఫలాలను పట్టుకున్న ఫలగుచ్ఛం. విత్తనం గదిలో ఉంది కాబట్టి సరుగుడు ఆవృతబీజం, అందులోనూ విత్తనంలో రెండు దళాలుండే ద్విదళబీజం.

ఇక సూదులు. ఒక పచ్చటి సూదిని రెండు చేతులతో మెల్లగా లాగండి, కణుపు దగ్గర టక్కున ఊడుతుంది. ఊడిన అంచును భూతద్దంలో చూస్తే చుట్టూ ఆరు నుంచి ఎనిమిది సన్నటి పళ్ళు కనిపిస్తాయి. ఆకులు అవే. మనం ఆకు అనుకునేది పచ్చటి చిరుకొమ్మ. ఇసక నేల, ఉప్పుగాలి, ఎండ, ఈ మూడింటి మధ్య నీరు పోకుండా కాపాడుకోవడానికి ఆకును అంత చిన్నది చేసుకుని, వంట పని కొమ్మకు అప్పజెప్పింది. పైన్ సూది నిజంగా ఆకే. చూపుకు ఒకేలా ఉన్నా రెండూ వేర్వేరు అవయవాలు.

కణుపుల వల్ల దీన్ని ఇంకో గుంపుతోనూ పోల్చారు. ఈక్విసీటమ్ అనే టెరిడోఫైట్‌కు కూడా ఇలాగే కణుపులు, కణుపు చుట్టూ పళ్ళ వలయం ఉంటాయి. సరుగుడు శాస్త్రీయ నామం కాజురైనా ఈక్విసెటిఫోలియాలో ఆ పోలికే ఉంది. ఒకే చెట్టు పైకి ఒక వైపు నుంచి వివృతబీజంలా, ఇంకో వైపు నుంచి టెరిడోఫైట్‌లా కనబడుతూ నిజానికి పూలమొక్క కావడం నాకు ఎప్పుడూ గొప్పగా అనిపిస్తుంది. పాఠం చెప్పడానికి మన తీరానికి ఇంతకంటే మంచి చెట్టు లేదు. పాపను ఆ కాయలు పారేయొద్దనండి, ఆవృతబీజాల బల్ల మీద పెట్టి పక్కన ఈ వివరం రాయమనండి.

బీయస్సీ మూడో ఏడు:
మాస్టారూ, దీనికి ఒక చరిత్ర కూడా ఉంది. పూలు ఇంత సాదాగా, రేకులు లేకుండా ఉన్నాయి కాబట్టి ఇదే తొలినాటి పూలమొక్క అయ్యుంటుందని ఎంగ్లర్ అనే వృక్షశాస్త్రవేత్త తన వర్గీకరణలో ద్విదళబీజాల మొదట్లోనే దీన్ని పెట్టాడు. ఇప్పుడు డీఎన్‌ఏ చూసి ఓక్, అక్రోట్ చెట్లున్న వరుసలో చేర్చారు. పువ్వు సాదాగా ఉండటం పాతదనానికి గుర్తు కాదు. గాలితో పరాగసంపర్కం చేసుకునే చెట్టుకు రేకులు, తేనె అక్కర్లేక తగ్గిపోయాయి.

అందుకే నాకు ఒక సందేహం. అంతా డీఎన్‌ఏతో తేలుతుంటే శైవలాలు, బ్రయోఫైటా అని పాత పెట్టెలు ఇంకా ఎందుకు? శైవలాలు ఒకే వంశం కూడా కావు గదా. సముద్రపు గోధుమరంగు శైవలానికి మన వరికి ఉన్న చుట్టరికం చాలా దూరపుది.

వృక్షశాస్త్రం మాస్టారు, నెల్లూరు:
నీ మాట నిజమే బాబూ. గోధుమ శైవలాలు మొక్కల వంశంలోకి రావు. ఆకుపచ్చ శైవలాలే నేల మొక్కలకు దగ్గర బంధువులు. కానీ ఆ పెట్టెలు వంశవృక్షం కోసం మాత్రమే పెట్టినవి కావు. నీళ్ళలోంచి నేల మీదికి వచ్చే దారిలో ఎవరు ఏ ఇబ్బందిని ఎలా దాటారో కూడా అవి చెబుతాయి. నేల మొక్కల ఆనవాళ్ళు సుమారు 47 కోట్ల ఏళ్ళ కిందటి నుంచి దొరుకుతున్నాయి. నేల మీదికి వచ్చాక నీరు పైకెక్కాలి, మగకణం ఆడకణాన్ని చేరాలి, పిల్లమొక్క ఎండను తట్టుకోవాలి. ఈ మూడు చోట్లే తేడాలన్నీ పుట్టాయి.

తడి గోడల మీద పచ్చగా పరుచుకునే మాస్ మొక్కకు నీటి గొట్టాలు, అంటే దారువు, లేవు. అందుకే వేలెత్తున ఆగిపోయింది. ఫెర్న్‌కు గొట్టాలు వచ్చాయి, నిలబడింది. కానీ మాస్‌లోనూ ఫెర్న్‌లోనూ మగకణం ఈదుకుంటూనే పోవాలి, పల్చటి నీటి పొర అయినా లేకపోతే ఫలదీకరణ లేదు. విత్తనాల మొక్కల్లో పుప్పొడి ఆ పని గాలి మీద, పురుగుల మీద జరిపిస్తుంది. నీటి పొర అవసరం తీరిపోయింది.

ఒంగోలు వంక:
మాస్టారూ, గొట్టాలు లేని మాస్‌కు తల మీద సన్నటి కాడ, కాడ చివర చిన్న గుళిక కనబడతాయి గదా. అది పువ్వా?

వృక్షశాస్త్రం మాస్టారు, నెల్లూరు:
పువ్వు కాదండీ, సిద్ధబీజాల గుళిక. విత్తనం లేని మొక్కలు విత్తనానికి బదులు చల్లే పొడిలాంటి కణాలే సిద్ధబీజాలు. అక్కడ చూడాల్సింది ఇంకొకటి ఉంది. మాస్‌లో మనకు కనిపించే పచ్చటి మొక్క సంయోగబీజదం, అంటే మగకణం, ఆడకణం తయారుచేసే తరం. దాని మీద లేచే కాడ, గుళిక కలిపి సిద్ధబీజదం, అంటే సిద్ధబీజాలిచ్చే తర్వాతి తరం, తల్లి మీదే బతుకుతుంది. ఫెర్న్‌లో తలకిందులు. మనం చూసే ఆకుల మొక్క సిద్ధబీజదం. దాని సంయోగబీజదం గోరంత కూడా లేని పచ్చటి హృదయాకారపు రేకు, తడి మట్టిలో విడిగా బతుకుతుంది. విత్తనాల మొక్కల్లో ఆ తరం ఇంకా కుంచించుకుపోయి అండంలో, పుప్పొడి రేణువులో దాక్కుంది.

వెలికొండ నడక:
టెరిడోఫైట్ నమూనా కోసం నన్నడగండి అమ్మా. పెంచలకోన జలపాతం దారిలో, భైరవకోన గుహల పక్కన నీరు కారే రాళ్ళ సందుల్లో ఫెర్నులు బాగా ఉంటాయి. అంత దూరం పోలేకపోతే పాత రాతి బావుల లోపలి గోడలు చూడండి. పొడుగు ఈనెకు రెండు వైపులా సన్నటి ఆకులు తీర్చినట్టుండే టెరిస్ విట్టాటా అక్కడే పెరుగుతది. ఇది మట్టిలోని ఆర్సెనిక్‌ను ఆకుల్లోకి లాగేసుకుంటుందని 2001లో బయటపడింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మయూరశిఖ. చాలా చిన్నది, తాటాకు విసనకర్రను బొమ్మలంత చేసినట్టుంటది. ఉదయగిరి లాంటి ఎండు కొండల్లో కూడా రాతి పగుళ్ళలో బతుకుతది. వేసవిలో ముడుచుకుపోయి, వానకు మళ్ళీ పచ్చగా విచ్చుకుంటది. ఫెర్న్ అంటే ఎప్పుడూ తడిలోనే ఉంటుందనుకునేవాళ్ళకు ఇది చూపించాలి.

తిరునాళ్ళలో ఎండిన ఉండలా అమ్మే సంజీవని కూడా టెరిడోఫైట్ వర్గానిదే. నీళ్ళలో వేస్తే కాసేపట్లో విచ్చుకుంటది. సెలాజినెల్లా బ్రయోప్టెరిస్ అంటారు. పేరులో బ్రయో ఉందని మాస్‌ల్లో పెట్టకండి. దీనికి గొట్టాలున్నాయి, వేళ్ళున్నాయి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: కొండ మీద మొక్కను వేళ్ళతో పీకకండి. సిద్ధబీజాలున్న ఆకు ఒక్కటి చాలు. జలపాతం పక్కన అందినచోటల్లా పీకుతున్నారు, అక్కడ మళ్ళీ రావడం చాలా కష్టం.

చెరువుకట్ట, కోవూరు:
కొండలకు పోవడం ఎందుకమ్మా, మా వరిమడికి రండి. నీళ్ళల్లో నాలుగాకులు గొడుగులా పరుచుకునే కలుపు ఉంటది చూడండి, ఆ మార్సీలియా ఫెర్నే. మడి ఎండినాక దాని మొదట్లో మినప్పప్పంత గట్టి గింజలు దొరుకుతాయి. విత్తనాలనుకుంటారు గానీ అవి సిద్ధబీజాల పెట్టెలు, ఏళ్ళ తరబడి ఎండు మట్టిలో పడున్నా తడి తగిలితే లేస్తాయి. ఎంత పీకినా ఈ కలుపు పోనిది అందుకే.

పశువులకని తొట్టెల్లో పెంచే అజొల్లా కూడా ఫెర్నే. దాని ఆకు గదుల్లో అనబీనా అనే నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవి ఉండి గాలిలో నత్రజనిని పట్టి ఇస్తది. మడిలో వేస్తే ఎరువు, గేదెకు పెడితే మేత. తొట్టి ఉన్న ఇంట్లో అడిగితే ఎవరైనా గుప్పెడు ఇస్తారు. పాప నమూనాకు ఇదే తేలిక.

ఇంకో మాట. నీరు తీసినాక తడి బురద మీద పచ్చటి చిన్న చక్రాలు అంటుకున్నట్టు పరుచుకుంటాయి, రూపాయి బిళ్ళ కంటే చిన్నవి, మధ్య నుంచి రెండుగా చీలుకుంటూ. అది రిక్సియా అని మా పిల్లోడి మాస్టారు చెప్పాడు. బ్రయోఫైట్ అదేనా?

వృక్షశాస్త్రం మాస్టారు, నెల్లూరు:
అదేనన్నా, బ్రయోఫైట్లలో ఒక రకం, లివర్‌వర్ట్. కాండం లేదు, ఆకు లేదు, నేలకు అతుక్కున్న పచ్చటి పలక, కింద వేళ్ళలాంటి సన్నటి పోగులు, అంటే మూలతంతువులు. మాస్ కావాలంటే మనకు వానలు ఎక్కువగా ఈశాన్య ఋతుపవనాల్లోనే గదా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సున్నపు గోడల మీద, పిట్టగోడల మీద మెత్తటి పచ్చటి పరుపు కనిపిస్తుంది.

కావలి అమ్మ:
చాలా సంతోషం అన్నా, మాస్టారూ. కొండల ఫొటోలు చూస్తుంటే రాళ్ళ మీద బూడిదరంగు మచ్చలు కూడా కనపడుతున్నాయి. వంటల్లో వేసే రాతిపువ్వు అదేనా? అది ఏ విభాగం?

బీయస్సీ మూడో ఏడు:
రాతిపువ్వు లైకెన్ అక్కా. రాళ్ళ మీది ఆ మచ్చలూ లైకెన్లే, జాతి వేరు కావచ్చు. శిలీంద్రం, శైవలం కలిసి కట్టుకున్న కాపురం. ఒంట్లో ఎక్కువ భాగం శిలీంద్రానిదే కాబట్టి దాన్ని మొక్కల బల్ల మీద పెట్టకూడదు. పుట్టగొడుగులు కూడా అంతే, శిలీంద్రాలకు వేరే రాజ్యం.

పొగాకు పొలం, కందుకూరు వైపు:
పచ్చదనం లేకపోతే మొక్క కాదనుకుంటే మా పొలంలో పొగాకు మల్లెను ఏమంటారు? పొగాకు వేరుకు పట్టి, కింద నుంచి తెల్లగా కంకిలా లేస్తది. ఆకు ఉండదు, పచ్చన ఉండదు.

వృక్షశాస్త్రం మాస్టారు, నెల్లూరు:
మంచి ప్రశ్న. మల్లె, అంటే ఒరబాంకీ, పూర్తి పూలమొక్క. రేకులున్నాయి, అండాశయం ఉంది, దుమ్ములాంటి విత్తనాలు లెక్కలేనన్ని. పచ్చదనాన్ని పోగొట్టుకుని పొగాకు మీద పడి తింటోంది. రంగు చూసి విభాగం నిర్ణయించలేం, పువ్వూ విత్తనం చూడాలి. విత్తనం నేలలో ఏళ్ళపాటు ఉండిపోతుంది కాబట్టి పూత రాకముందే పీకి పొలం బయట కాల్చెయ్యాలి.

పొగాకు పొలం, కందుకూరు వైపు:
అట్టనే ఏకదళం, ద్విదళం తేడా మాకు పుస్తకంలో కంటే కలుపు మందులోనే ఎక్కువ తెలుసు. వరిలో వెడల్పాకు కలుపుకు 2,4-డి కొడతారు, వరి నిలబడతది. అదే గాలికి పక్క పొగాకు మీదో మిరప మీదో పడితే ఆకులు మెలిపడి చెడిపోతాయి. వరి, జొన్న, చెరకు, అరటి, తాటి, ఇవన్నీ ఏకదళాలు. పొగాకు, మిరప, కంది, వేప ద్విదళాలు. గాలి ఉన్నప్పుడు కొట్టొద్దని పక్క చేను రైతుకు ఎన్నిసార్లు చెప్పుకున్నా తక్కువే.

తోపు రైతు, కొత్తపట్నం:
తాటి దూలం కోసినప్పుడు చూశా, అంచుల్లో నల్లగా రాయిలా ఉంటది, మధ్య మెత్తన. వేప దుంగలో వలయాలు, చేవ. దానికి ఇదేనా కారణం?

వృక్షశాస్త్రం మాస్టారు, నెల్లూరు:
అదే. వేపలో బెరడుకు లోపల కొత్త కణాలు పుట్టించే విభాజ్య కణాల పొర ఉంటుంది, ఏటేటా లోపలికి చెక్క పెడుతూ లావవుతుంది. తాటిలో ఆ పొర లేదు. నీటి గొట్టాలు కట్టలు కట్టలుగా కాండమంతా చెదిరి ఉంటాయి, అంచుల్లో చిక్కగా. అందుకే తాటికీ కొబ్బరికీ అంటు కట్టలేం, నిమ్మకు కడతాం. రెండు పొరలు కలిసి అతుక్కోవాలంటే ఆ పొర ఉండాలి గదా.

పిల్లలకు చెప్పే ఏకదళ ద్విదళ గీత ఇప్పుడు కొంచెం జరిగింది. మన చెరువుల్లో కలువ, తామర పక్కపక్కనే పూస్తాయి. చూడటానికి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. కానీ కలువ పూలమొక్కల వృక్షంలో చాలా ముందుగా విడిపోయిన కొమ్మది, తామర ఆ తర్వాతి నిజ ద్విదళాల కొమ్మది. సీతాఫలం, మిరియం, సంపెంగ కూడా పాత పుస్తకం ప్రకారం ద్విదళాలే, వాటిది ఇంకో కొమ్మ. పరీక్షకు పాత గీతే రాయండి, మనసులో మాత్రం ఇది ఉంచుకోండి.

ఒంగోలు వంక:
వివృతబీజాల గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు, నేను చెబుతాను. మన ఒంగోలు పరిసరాల్లో వేమవరం షేల్ అని పేరున్న రాతి పొరలున్నాయి. 1879లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ తీరం భూగర్భం గురించి రాశాడు, అదే ఏడాది ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ మద్రాసు తీరపు శిలాజ మొక్కల గురించి రాశాడు. ఆ పొరలు తొలి క్రెటేషియస్ కాలానివి, 14.5 నుంచి 10 కోట్ల ఏళ్ళ కిందటి మధ్యవి. వాటిలో టిలోఫిలమ్ అనే ఈనెల ఆకు, ఫెర్నులు, పైన్ లాంటి కోనిఫర్ చెట్ల కొమ్మలు ముఖ్యం. టిలోఫిలమ్ చూస్తే సైకస్ అనే వివృతబీజపు ఆకే అనిపిస్తుంది గానీ అది అంతరించిపోయిన బెన్నెటైటేల్స్ అనే గుంపుది. ఇక్కడ డైనోసార్ల కాలపు అడవి అంటే వివృతబీజాలు, ఫెర్నులే. పూలమొక్కలు ప్రపంచంలో అప్పుడప్పుడే తలెత్తుతున్నాయి. ఇప్పుడు పూలమొక్కలు సుమారు 3 లక్షల జాతులు, వివృతబీజాలు వెయ్యి చిల్లర. ఈ లెక్క చదివినప్పుడల్లా మన కాళ్ళ కింద ఎంత కథ ఉందో అనిపిస్తుంది. మన పిల్లలకు దీన్ని ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ.

వృక్షశాస్త్రం మాస్టారు, నెల్లూరు:
ఎంత మంచి విషయం తెచ్చారు. బతికున్న వివృతబీజం కూడా పాపకు దొరుకుతుంది. కల్యాణ మండపాల ముందు, ఆఫీసు ఆవరణల్లో పెట్టే సైకస్ నిజమైన వివృతబీజం. ఆడమొక్క నడినెత్తిన నూగు ఆకుల్లాంటివి వస్తాయి. వాటి అంచుల్లో నారింజరంగు విత్తనాలు బయటికే కనబడతాయి, కప్పు లేదు. ఆ విత్తనాలు విషం, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి. సైకస్ పుప్పొడి గాలి మీదో పురుగుల మీదో వచ్చినా, చివర్లో మగకణం కశాభాలతో, అంటే కొరడాల్లాంటి సన్నటి పోగులతో, ఈదుతుంది. జపాన్‌లో 1896లో హిరాసే అనే శాస్త్రవేత్త జింగో అనే ఇంకో వివృతబీజంలో, ఇకెనో అనే శాస్త్రవేత్త సైకస్‌లో దీన్ని చూశారు. ఫెర్న్ అలవాటు విత్తన మొక్కలోనూ మిగిలిందన్నమాట. దాని పగడపు వేళ్ళలోనూ చెరువుకట్ట అన్న చెప్పిన అనబీనాకు బంధువులు ఉంటాయి.

మన వెలికొండలకు దగ్గర్లోని శేషాచలం కొండల్లో సైకస్ బెడ్డోమియై అని ఒకటి ఉంది, ప్రపంచంలో ఆ తిరుపతి, కడప కొండల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా లేదు. దాని అంతర్జాతీయ వ్యాపారం నిషేధం. నమూనా కోసం దాన్ని ఎవరూ తాకొద్దు. ఇళ్ళ ముందు పెంచే తూజా కొమ్మ తెచ్చుకోండి, దానికీ చిన్న నీలిపచ్చ కోనులు కాస్తాయి.

కావలి అమ్మ:
ఇక శైవలం ఒక్కటే మిగిలింది. పాచి తెస్తే చాలా? ఫెర్న్ ఆకు, రిక్సియా నమూనా రోజు దాకా వాడిపోకుండా ఎట్టా?

చెరువుకట్ట, కోవూరు:
మడి కాలవలో జుట్టులా జారిపోయే పచ్చటి తీగలు సీసాలో నీళ్ళతో తెచ్చుకోండి, స్పైరోగైరా దొరుకుతది. కారా కూడా ఉంటది, కణుపులు కణుపులుగా మొక్కలాగే ఉంటది, చేత్తో నలిపితే గరుగ్గా తగిలి ఘాటు వాసన వస్తది.

వృక్షశాస్త్రం మాస్టారు, నెల్లూరు:
కారా తప్పకుండా పెట్టండి. నేల మొక్కలకు దగ్గర బంధువులైన శైవలాల్లో అదీ ఒకటి. రిక్సియాను అడుగు మట్టితో సహా పెచ్చుగా లేపి, మూత ఉన్న డబ్బాలో నీడన పెట్టి, రోజుకొకసారి నీళ్ళు చల్లండి. ఫెర్న్ ఆకు కింది వైపు గోధుమరంగు గీతలున్నది ఎంచుకోండి. దాన్ని తెల్లకాగితం మీద కింది వైపు ఆనేలా పెట్టి, మీద ఇంకో కాగితం కప్పి, గాలి తగలకుండా రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి కాగితం మీద గోధుమరంగు పొడి గీతలుగా పడుతుంది. అవే సిద్ధబీజాలు. ఆ కాగితాన్నీ ఆకు పక్కనే పెట్టమనండి. సరుగుడు రెక్క గింజను పొడి కాగితం మీద అంటించి, దాని పక్కన తూజా కోను నిలువునా కోసి పెట్టండి. ఒకదానిలో విత్తనం గోడ లోపల, ఇంకోదానిలో పొలుసు మీద విడిగా. చూసేవాళ్ళకు ఆ రెండిట్లోనే తెలిసిపోతుంది.